ఒకే రోజు రెండు సెలక్షన్లా?

బడి పిల్లల ఆటల సెలక్షన్లు వేర్వేరు ఊళ్లలో ఒకే రోజు పెట్టడంతో రెండు మూడు ఆటల్లో మెరికల్లాంటి పిల్లలు నష్టపోతున్నారు. మా మండలంలోని జడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు కబడ్డీలో రైడర్, ఖోఖోలో మెరుపు, లాంగ్‌జంప్‌లో ఆమె దరిదాపుల్లోకి వచ్చేవాళ్లే లేరు. మొన్న జిల్లా సెలక్షన్లకు కబడ్డీ ఒక చోట, అథ్లెటిక్స్ 40 కిలోమీటర్ల అవతల. రెండూ పొద్దున తొమ్మిదింటికే. ఉన్న ఒక్క పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) కబడ్డీ జట్టు వెంట వెళ్లారు, పిల్ల లాంగ్‌జంప్ వదులుకుంది. మర్నాడు సాయంత్రం బడి వెనక గుంటలో (ఇసుక కంటే గడ్డే ఎక్కువ) చెప్పుల్లేకుండా ఒంటరిగా దూకుతూ కనిపించింది. పద్నాలుగేళ్లకే ఏదో ఒక ఆట తేల్చుకోమనడం ఏం న్యాయం? విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి పొడవు చూసి హర్డిల్స్‌కు (అడ్డంకులు దూకుతూ పరిగెత్తే పందెం) పనికొస్తుందని పసిగట్టింది బడి పీఈటీయే. ఆమె 2023లో బ్యాంకాక్‌లో, 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ స్వర్ణాలు తెచ్చింది. క్రీడాధికారులు జూన్‌లోనే క్యాలెండర్ వేసి జట్టు ఆటలకూ అథ్లెటిక్స్‌కూ మధ్య కనీసం వారం ఎడం ఉంచాలి. రెండో ఆటకు వెళ్లే పిల్లలకు, తోడు వెళ్లే టీచరుకు బస్సు ఛార్జీలు ముందే చేతికివ్వాలి.

– ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు