ఈసీజీ బాగుందని గుండెదడను వదిలేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

గుండె జబ్బు అనగానే మన ఆలోచన గుండెపోటు దగ్గరే ఆగిపోతుంది. గుండె లయ తప్పడం వేరే సమస్య అనీ, అది వచ్చి పోతూ ఉండడం వల్లే చాలామందిలో ఆలస్యంగా బయటపడుతుందనీ మా ఇంట్లో తెలిసివచ్చింది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

డెబ్బై ఏళ్లు దాటాక మా అమ్మకు కొన్ని రాత్రులు గుండె దడదడలాడేది. ఆసుపత్రికి చేరేసరికి తగ్గిపోయేది, ఈసీజీ మామూలుగా వచ్చేది, కంగారు వల్లే అలా అనిపిస్తోందని చెప్పి పంపేసేవారు. ఒక రాత్రి నేనే ఆమె మణికట్టు పట్టుకుని చూశాను. రెండు దెబ్బలు వెంటవెంటనే, ఆపైన ఖాళీ, మళ్లీ మూడు గబగబా. వాటిలో ఒకటి బలంగా, ఇంకొకటి వేలికి తగిలీ తగలనట్టు. ఎంతసేపు చూసినా ఒక వరుస చిక్కలేదు. ఆ రాత్రి నుంచి దడ మొదలైన సమయం, ఉన్నంతసేపు, నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుందో కాగితం మీద రాసిపెట్టాను. తర్వాత చూసిన వైద్యురాలు ముందు ఆ కాగితం చదివి, 24 గంటలు ఛాతీకి అమర్చి ఉంచి గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష రాశారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పే జబ్బు ఉందని అందులో తేలింది. మామూలు ఈసీజీ దాదాపు 10 సెకన్ల లయనే నమోదు చేస్తుందని, ఆ కాసేపు గుండె సవ్యంగా కొట్టుకుంటే ఏమీ కనిపించదని అప్పుడే మాకు అర్థమైంది.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతూ ఉంటాయి. ఎడమ పై గదికి అతుక్కుని ఉండే చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఆ ముప్పు ఇతరులతో పోలిస్తే సుమారు 5 రెట్లు. దడ తగ్గినా కొందరికి రక్తం పలచబరిచే మందులు కొనసాగించేది ఇందుకే. వాటిని సొంతంగా మానేయడం చాలా ప్రమాదం.

లయలో ప్రతి తేడా జబ్బు కాదన్నదీ నిజమే. ఒక దెబ్బ ముందుగా పడి, కాస్త విరామం వచ్చి, ఆ తర్వాతిది గట్టిగా కొట్టుకోవడం ఆరోగ్యవంతుల్లోనూ మామూలే. నిద్రలేమి, కాఫీ, మద్యం, జ్వరం దాన్ని పెంచుతాయి. థైరాయిడ్ లోపాలు, రక్తహీనత, పొటాషియం తగ్గడం కూడా కారణం కావచ్చు కనుక తరచూ వస్తుంటే రక్తపరీక్షలు చేయించుకోవాలి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో నాడి నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉంటుంది. క్రీడాకారుల్లో ఇంకా తక్కువ ఉండవచ్చు.

అయితే దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం లేదా తప్పబోతున్నట్టు అనిపించడం ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా, సొంతంగా బండి నడుపుకుంటూ కాక, అంబులెన్సులో ఆసుపత్రికి వెళ్లాలి. మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక చేయి పట్టు తప్పినా, అది కొన్ని నిమిషాల్లో సర్దుకున్నా అంతే. శ్రమ చేస్తుండగా స్పృహ తప్పినవారు, చిన్న వయసులోనే హఠాత్తుగా మరణించినవారు కుటుంబంలో ఉండి తామూ దడతో బాధపడేవారు మళ్లీ వచ్చేదాకా వేచి ఉండరాదు.

మీ ఆరోగ్య పుటలో నాడి చూసే పద్ధతిని ఒక బొమ్మతో ప్రచురించమని నా విన్నపం. బొటనవేలి మొదలుకు కింద, మణికట్టు మీద రెండు వేళ్లు మెల్లగా ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేసే అలవాటు లయ తప్పినవారి విషయంలో పనికిరాదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు