ఈతకొలను నీటికి పసుపురంగు పరీక్ష ఒక్కటే చాలదు

సంపాదకులు గారికి,

అయ్యా,

ఎండలు ముదిరేకొద్దీ మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ఇళ్లలోనూ, అద్దెకిచ్చే ఫామ్‌హౌస్‌లలోనూ ఈతకొలనులు పిల్లలతో నిండిపోతాయి. ఆ నీటిని ఎవరు, దేనితో, ఎన్నాళ్లకొకసారి పరీక్షిస్తున్నారని అడిగితే మాత్రం సరైన జవాబు దొరకదు. డిగ్రీ కళాశాలలో ఏళ్ల తరబడి రసాయనశాస్త్రం బోధించిన నేను మా ఇంటి కొలను విషయంలోనే రెండు పొరపాట్లు చేశాను గనుక వాటిని పాఠకులకు తెలియజేయడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

మా కొలను పొడవు 8 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు, సగటు లోతు మీటరుంబావు. అంటే 50,000 లీటర్ల నీరు. ఒక వేసవిలో మనవలు నీటిలో దిగిన కాసేపటికే కళ్లు ఎర్రబడి మంటలని ఏడ్చారు. నీటి నుంచి ఘాటైన వాసన వస్తోంది. కొలను శుభ్రం చేసే అబ్బాయి తన దగ్గరున్న చుక్కలమందు వేసి, ముదురు పసుపురంగు చూపించి, క్లోరిన్ ఎక్కువైందనీ నాలుగు రోజులు ఆపుదామనీ అన్నాడు. నేనూ సరేనన్నాను. అదే మొదటి పొరపాటు.

ఆ చుక్కలమందు ఆర్థోటోలిడిన్. అది నీటిలో ఉన్న మొత్తం క్లోరిన్‌ను చూపుతుందే తప్ప, అందులో క్రిములను చంపగలిగిన స్వేచ్ఛా క్లోరిన్ ఎంత, చెమటతోనూ మూత్రంతోనూ కలిసి క్లోరమైన్లుగా మారిపోయినది ఎంత అన్నది విడదీసి చెప్పలేదు. నీటిని గులాబీరంగుకు మార్చే డీపీడీ మాత్రలు తెప్పించి చూస్తే మొదటి మాత్రకు స్వేచ్ఛా క్లోరిన్ 0.5 పీపీఎం (అంటే లీటరు నీటికి 0.5 మిల్లీగ్రాములు), రెండో మాత్ర కూడా వేశాక మొత్తం క్లోరిన్ 2.5 పీపీఎం వచ్చింది. మిగిలిన 2 పీపీఎం క్లోరమైన్లే. కళ్ల మంటకూ, ఆ ఘాటు వాసనకూ కారణం అవే. క్లోరిన్ ఆపవలసిన చోట కాదు, పెంచవలసిన చోట ఉన్నాం. క్లోరమైన్లకు పది రెట్లు, అంటే 20 పీపీఎం క్లోరిన్ ఒక్కసారిగా పడాలి. పది శాతం హైపోక్లోరైట్ ద్రావణం (ద్రవరూపంలో దొరికే క్లోరిన్ మందు) అయితే మా కొలనుకు 10 లీటర్లు. పొద్దు గుంకాక, పంపు నడుస్తుండగా పోసి, స్వేచ్ఛా క్లోరిన్ మళ్లీ 3 పీపీఎంకు దిగేదాకా ఎవరినీ నీటిలోకి దించలేదు. ఇక్కడొక జాగ్రత్త అవసరం. క్లోరిన్ 10 పీపీఎం దాటితే డీపీడీ గులాబీరంగు వెలిసిపోయి అసలు క్లోరినే లేనట్టు కనిపించవచ్చు. అలాంటప్పుడు నమూనాలో క్లోరిన్ లేని నీరు కొలిచి కలిపి, పలుచన చేసి చూడాలి.

ఆ తరువాత, రోజూ ద్రావణం పోసే శ్రమ తప్పుతుందని తేలే డబ్బాలో వేసే క్లోరిన్ బిళ్లలకు మారాను. ఇది రెండో పొరపాటు. ఆ బిళ్లలలో సయన్యూరిక్ ఆమ్లం ఉంటుంది. అది కొంత మేలే. లేకపోతే మన ఎండకు క్లోరిన్ గంటల్లోనే హరించుకుపోతుంది. అయితే ఎండకు క్లోరిన్ పోయినా ఈ ఆమ్లం పోదు, పేరుకుంటూనే ఉంటుంది. బిళ్లల నుంచి 10 పీపీఎం క్లోరిన్ చేరినప్పుడల్లా సుమారు 6 పీపీఎం ఆమ్లమూ చేరుతుంది. రోజుకు 2 పీపీఎం చొప్పున వేస్తే మూడు నెలల్లో అది వంద దాటుతుంది. అప్పుడు డీపీడీ పరీక్షలో 3 పీపీఎం కనిపిస్తున్నా, ఆ క్లోరిన్‌లో చాలా భాగం ఆమ్లానికి కట్టుబడి ఉండి నెమ్మదిగా మాత్రమే పనిచేస్తుంది. మా కొలను గోడలకు పాచి పట్టింది అందుకే. ఈ ఆమ్లాన్ని కొలిచేందుకు, గొట్టం అడుగున నల్లచుక్క కనుమరుగయ్యే మసక పరీక్ష చేస్తే 120 పీపీఎం వచ్చింది. దాన్ని తగ్గించే పొడి ఏదీ మామూలుగా అంగళ్లలో దొరకదు, నీరు మార్చవలసిందే. బోర్లు ఎండిన నెలలో సగం నీరు వదిలి, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు తెప్పించాను. ముందే పరీక్షించి ఉంటే ఆ నీరు మిగిలేది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

నీటి ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే అంకె అయిన పీహెచ్ సంగతి కూడా చెప్పాలి. 7.5 దగ్గర స్వేచ్ఛా క్లోరిన్‌లో దాదాపు సగం చురుకైన రూపంలో ఉంటే, 8 దగ్గర అది పావువంతుకు పడిపోతుంది. క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) ఎక్కువగా ఉన్న మా బోరు నీటిలో పీహెచ్ ఎప్పుడూ పైకే పోతుంటుంది, పలకల మీద తెల్లటి పొర కడుతుంది. క్షారత 80 నుంచి 120 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉండేలా చూసుకుంటూ, అవసరమైనప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని బకెట్ నీటిలో కలిపి (ఆమ్లంలోకి నీరు ఎన్నడూ పోయరాదు) కొద్దికొద్దిగా పోస్తున్నాను. ఆమ్లం బ్లీచింగ్ పౌడరుకు తగిలితే విషవాయువు పుడుతుంది. క్లోరిన్ బిళ్లలూ బ్లీచింగ్ పౌడరూ ఒకే డబ్బాలో కలిస్తే మంటలు లేవవచ్చు. వీటిని వేర్వేరు గదుల్లో ఉంచడం మంచిది.

చాలామంది పటిక వేసి నీరు తేటపడగానే తృప్తి పడుతున్నారు. మరికొందరు తాగునీటికి కొన్న, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ పెన్నునే ముంచి చూస్తున్నారు. ఈ రెండింటితోనూ క్రిముల సంగతి తెలియదు. కేరళలో 2024లోనూ 2025లోనూ మెదడును తినే అమీబా ప్రాణాలు తీసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గోరువెచ్చని మంచినీటిలో పెరిగి ముక్కు ద్వారా లోపలికి పోయే ఆ జీవిని, స్వేచ్ఛా క్లోరిన్ తగినంత నిలకడగా ఉన్న కొలనులో బతకనివ్వకుండా చేయవచ్చు.

కనుక నా విన్నపాలు ఇవి. కొలను సామగ్రి అమ్మేవారు డీపీడీ పరీక్షపెట్టెతో పాటు తెలుగులో సూచనల కాగితం కూడా ఇవ్వాలి. అద్దెకిచ్చే ఫామ్‌హౌస్‌లలో ఆ రోజు ఉదయం తీసిన స్వేచ్ఛా క్లోరిన్, పీహెచ్ అంకెలను గట్టు మీద పలకపై రాసి ఉంచేలా స్థానిక సంస్థలు నిబంధన పెట్టాలి. ఆ పలక లేని చోట తల్లిదండ్రులు పిల్లలను నీటిలో దించకముందే పరీక్షపెట్టె తెప్పించి, తమ ఎదుటే నీటిని పరీక్షించి చూపించమని అడగాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
మొయినాబాద్, రంగారెడ్డి జిల్లా