బోర్డు మీద పేరు సరే, లోగో ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

విజయనగరం గంటస్తంభం దగ్గర పన్నెండేళ్లుగా ఫ్లెక్సులు, షాపు బోర్డులు చేస్తున్నాను. వారానికి ఒకరైనా వచ్చి ఫోన్లో బొమ్మ చూపించి, "అన్నా, ఈ కంపెనీ లోగో పైన పెద్దగా పెట్టు, మన షాపు పేరు కింద చిన్నగా వేసినా చాలు" అంటారు. సెల్ రిపేరు చేసే ఒక తమ్ముడికి అలాగే ఆరడుగుల లైటు బోర్డు చేసిచ్చాను. మూడు నెలలకి లాయర్ నోటీసు పట్టుకుని నా కౌంటర్ ముందు నిలబడ్డాడు, కాగితం చేతిలో వణుకుతోంది. బోర్డు దించేసి, ఇక వాడనని రాసిచ్చాక గానీ అతని టెన్షన్ తగ్గలేదు.

అందులో నా తప్పూ ఉందని నాకు తర్వాత తెలిసింది. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం 29వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేదని తెలిసి కూడా ప్రకటన మీదో ప్యాకింగు మీదో ఇంకొకరి మార్కు, అంటే వాళ్లు రిజిస్టర్ చేయించుకున్న పేరో లోగోనో, వేసిచ్చినవాడు కూడా బాధ్యుడే. కస్టమరు అడిగాడు, వేశాను అంటే కుదరదు. రంగు మార్చాం, ఒక అక్షరం తీసేశాం అన్నా, చూసేవాళ్లు పొరబడేలా ఉంటే అదీ తప్పే.

అలాగని కంపెనీ పేరే ఎత్తకూడదని కాదు. "ఫలానా ఫోన్లు ఇక్కడ బాగుచేస్తాం", "ఫలానా మోడల్‌కి సరిపోయే డిస్‌ప్లే దొరుకుతుంది" అని మామూలు అక్షరాల్లో, ఉన్నది ఉన్నట్టు రాసుకోవడానికి 30వ సెక్షన్ వీలిస్తోంది. లోగో పెడితేనే ఇది కంపెనీ సొంత సర్వీస్ సెంటర్ అనుకుని జనం లోపలికొస్తారు, చిక్కంతా అక్కడే. ఇక నకిలీ సరుకు మీద పేరున్న కంపెనీ స్టిక్కర్ అంటించి అమ్మడమైతే నేరుగా క్రిమినల్ కేసు: ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, రూ.50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా.

సొంత లోగో రిజిస్టర్ చేయించుకోవడానికి చిన్న వ్యాపారికి ఆన్‌లైన్‌లో ఫీజు రూ.4,500, పదేళ్లు ఉంటుంది. నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు.

జిల్లా పరిశ్రమల కేంద్రం వాళ్లు మా ప్రింటర్లనీ, చిన్న దుకాణదారులనీ ఒక పూట కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పాలి. మా ఊరి అమ్మవారి పండగ సిరిమానోత్సవానికి ముందే పెడితే మరీ మంచిది, అప్పుడు ఊరంతా స్వాగత ఫ్లెక్సులే, వాటి అంచుల్లో ఎవరినీ అడగకుండా వేసిన కంపెనీ లోగోలే.

— ఒక ఫ్లెక్సు షాపు యజమాని, విజయనగరం