కొయ్య ఓడ కిట్లను పెట్టె మీది బొమ్మ చూసి కొనవద్దు

సంపాదకులకు,

అయ్యా,

సెలవుల్లో పిల్లలకు తగిన వ్యాపకాల గురించి మీ పత్రిక ఇటీవల ప్రచురించిన వ్యాసంలో కొయ్య ఓడల కిట్లను (చిన్న నమూనా ఓడ చేసుకునే సామగ్రి పెట్టెలను) కూడా చేర్చి, పెట్టెలోని సూచనల ప్రకారం అతికించుకుంటూ పోతే ఎవరైనా చేయగలరని రాశారు. ఈ వ్యాపకాన్ని పాఠకులకు పరిచయం చేసినందుకు సంతోషమే గాని, ఆ ఒక్క మాటతో ఏకీభవించలేను. చెన్నైలో ఇరుగుపొరుగు పిల్లలకు ఈ పని నేర్పుతున్నవాడిగా, సగంలో ఆగి అటకెక్కిన ఓడలను చాలా చూశాను. దాదాపు అన్నీ ఒకే దశలో ఆగినవి.

అది పలకలు వేసే దశ. ప్లాస్టిక్ కిట్లలో ఓడ పొట్ట అచ్చుపోసి వస్తుంది. కొయ్య కిట్లలో వచ్చేది వెన్నుచెక్క, దానికి అడ్డంగా గుచ్చే చట్రాలు, వాటి మీద పలకలుగా అతికించే ఒక కట్ట సన్నని బద్దలు. ఆ బద్దలన్నీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే వెడల్పున ఉంటాయి, ఓడ మాత్రం అలా ఉండదు. నడిమి చట్రం అంచు వెంట కాగితపు పట్టీ ఆనించి కొలిస్తే 100 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 5 మిల్లీమీటర్ల బద్దలు అక్కడ 20 పడతాయి. అదే పట్టీని ముక్కు దగ్గరి చట్రానికి ఆనిస్తే 60 మాత్రమే రావచ్చు. ఆ 20 బద్దలూ అక్కడ కూడా ఇమడాలంటే ఒక్కొక్కదాన్నీ ముక్కు వైపు క్రమంగా 3 మిల్లీమీటర్లకు చిత్రిక పట్టాలి. ఈ లెక్క తెలియనివారు బద్దను ఉన్నదున్నట్టు వంచి అతికిస్తారు. నాలుగు వరుసలు దాటేసరికి అది పక్కదాని మీదికి ఎక్కి కూర్చుంటుంది. నేను చూసిన సూచనల పుస్తకాల్లో ఇంత పనికీ కేటాయించింది ఒకటి రెండు ఫొటోలే.

సముద్రపు గాలి మరో చిక్కు తెచ్చిపెడుతుంది. వంచడానికి బద్దను వేడినీళ్లలో నానబెట్టడం మామూలే గాని, నానిన కొయ్య అడ్డంగా ఉబ్బుతుంది కనుక, చెమ్మ ఉండగానే జిగురు పెడితే ఆరాక కుంచించుకుపోయి బద్దకూ బద్దకూ మధ్య సందులు తేలతాయి. అక్టోబరు, డిసెంబరు మధ్య పడే ఐప్పసి, కార్తీక వానల్లో ఇక్కడ రాత్రంతా ఉంచినా కొయ్య ఆరదు. బద్దను చట్రాలకు వంచి కట్టి, బాగా ఆరనిచ్చి, ఆ తర్వాతే ఫెవికాల్ రాయడం మేలు. ఒక పక్క బద్ద వేయగానే రెండో పక్క దాని జోడీ కూడా వేయాలి. లేకుంటే వెన్నుచెక్క మెలి తిరుగుతుంది, దాన్ని మళ్లీ సరిచేయడం ఎవరి తరమూ కాదు.

ఇంత ఉండగా, కొనేవారి చూపు ముందుగా పడేది 'విక్టరీ' మీద. 1765లో నీళ్లలోకి దిగిన ఆ బ్రిటిష్ యుద్ధనౌకకు మూడు తెరచాప కొయ్యలు, నూటికి పైగా ఫిరంగులు, లెక్కకు అందనన్ని తాళ్లు. దాన్ని పన్నెండేళ్ల పిల్లవాడికి పుట్టినరోజు కానుకగా ఇవ్వడం ఓనమాలు దిద్దేవాడి చేతికి మహాభాష్యం ఇవ్వడమే. ఒంటి తెరచాప ఉన్న చిన్న పడవతో మొదలుపెట్టించాలి.

ఎంపిక నాదైతే, ఈ ఊరి పిల్లలచేత మొదట మసూలా పడవ చేయిస్తాను. మద్రాసుకు రేవు లేని రోజుల్లో, దూరాన లంగరు వేసిన ఓడల నుంచి మనుషులనూ సరుకులనూ అలల మీదుగా ఒడ్డుకు చేర్చినవి ఆ పడవలే. వాటి పలకలను మేకులతో బిగించక కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. లోపల చట్రాలు ఉండేవి కావు, అల కొట్టినప్పుడు పొట్ట విరగకుండా కాస్త వంగి ఓర్చుకునేది. పలకలు వెడల్పుగా, తక్కువగా ఉంటాయి కాబట్టి ఏ పలక ఎక్కడ సన్నబడుతుందో పిల్లవాడికి కంటికి కనబడుతుంది. దాని కిట్టు నాకు అంగళ్లలో ఎక్కడా కనబడలేదు. అట్టముక్కలు, దబ్బనం, పురికొస ఉంటే చాలు, చేసేయవచ్చు.

మీరు ఈ అంశంపై మళ్లీ రాసేటప్పుడు, కాగితపు పట్టీతో కొలిచే పద్ధతిని ఒక బొమ్మతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై