మలక్‌పేట దాకా అనపకాయలు

ఎస్సెన్, జర్మనీ
మే 18

ఒరేయ్ చిన్నా,

నువ్వు పంపిన సినిమా రాత్రి మూడుసార్లు చూశాను. ఫోన్ చేద్దామనుకుంటే గొంతు పెగల్లేదు, అందుకే రాస్తున్నా. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయో, నాన్న బీపీ మాత్రలు టైముకి వేసుకుంటున్నారో లేదో నువ్వు విడిగా రాయి. ఈ ఉత్తరం మాత్రం సినిమా గురించే.

రైల్వే అనుమతి కోసం తిరిగి తిరిగి, చివరికి మీ ఫ్రెండ్ వాళ్ల షెడ్డులోనే మన ఎంఎంటీఎస్ లోకల్ రైలు పెట్టె కట్టేశారంటే నమ్మలేకపోయాను. ఎదురెదురు సీట్లు, కిటికీ ఊచలు అన్నీ అచ్చం అవే. పైగా అసలు రైలు చప్పుడు రికార్డు చేసి తెచ్చావు. సికింద్రాబాద్‌లో ఆగి మళ్లీ కదిలేటప్పటి ఆ కుదుపు వినగానే ఒళ్లు జలదరించింది. నా తమ్ముడు తీశాడని ఇక్కడ ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను.

ఇప్పుడు నన్ను గుచ్చుతున్న సంగతి. నువ్వు సినిమాగా తీసిన ఆ రోజు నాకు రైల్లో ఏం జరిగిందో నీకు ఫోన్లో గబగబా చెప్పేశాను, సరిగ్గా చెప్పలేదేమో. మళ్లీ రాస్తాను, నిదానంగా చదువు.

2009 జనవరి, సంక్రాంతికి ముందు వారం. నువ్వు ఎనిమిదో తరగతి. ఆ నెల హైటెక్ సిటీలో ఎవరి మొహం చూసినా టెన్షనే. సాయంత్రం నాలుగింటికి మమ్మల్ని ఒక గదిలోకి పిలిచి రేపటి నుంచి రావద్దన్నారు. నా మొదటి ఉద్యోగం రా అది. ఇంటి లోనుకి నా జీతం కూడా చూపించాం. ఫలక్‌నుమా వెళ్లే రైలెక్కి కిటికీ పక్కన కూర్చుని, బేగంపేట వచ్చేదాకా ఆపుకున్నాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు.

సికింద్రాబాద్‌లో ఒకామె ఎక్కింది. మోండా మార్కెట్ నుంచి వస్తోందనుకుంటా, చేతిలో రెండు సంచులు. నా ఎదుట కూర్చుని, కొంగు ఒళ్లో పరుచుకుని అనపకాయలు ఒలవడం మొదలుపెట్టింది. నా వైపు ఒక్కసారి చూసింది. సీతాఫల్‌మండి దాటాక రెండు చేతులతో ఇన్ని కాయలు తీసి నా చున్నీలో పోసి, "ఊకె కూసున్నవేంది బిడ్డా, ఇవి జర ఒలువు" అంది. అంతే. ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. ఊరుకోమనీ అనలేదు.

నేను ఒలిచాను. ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా, విద్యానగర్, కాచిగూడ. పొట్టు ఒక సంచిలోకి, గింజలు ఇంకో సంచిలోకి. మధ్యలో ఒక పుచ్చు కాయ వస్తే నా చేతిలోంచి తీసుకుని కిటికీలోంచి పారేసింది. మలక్‌పేటలో లేస్తుంటే దోసెడు గింజలు నా చున్నీ చెంగులో ముడివేసి, "నీ పాలు నువ్వు తీస్కపో" అంది. రైలు కదిలిపోయింది. ఆమె పేరు తెలియదు, ఎక్కడ దిగిందో తెలియదు. రాత్రి పడుకునేదాకా నా వేళ్లకి అనపకాయల జిడ్డు, ఆ పచ్చి వాసన.

నీ సినిమాలో ఆమె వచ్చీరాగానే "ఏమైంది తల్లీ" అని అడుగుతుంది, ఆ పిల్ల అంతా చెప్పేస్తుంది. అది తీసెయ్ చిన్నా. ఆమె అడిగి ఉంటే నేను సీటు మారిపోయేదాన్ని.

ఇంకొకటి, మీరు బఠాణీలు వాడారు. వేసవిలో అనపకాయలు దొరకవు, నాకు తెలుసు. కానీ బఠాణీ కాయ నొక్కితే టప్పున విచ్చుకుంటుంది. అనపకాయకి గోరు పెట్టి ఈనె లాగాలి, ఒక్కో కాయకీ ఒక్కో కుస్తీ. ఏడవడానికి తీరిక దొరకనిది అందుకే. దయచేసి సంక్రాంతి దాకా ఆగి ఆ ముక్క మళ్లీ తియ్యి. ఖర్చు నేను పంపిస్తాను, మొహమాటపడకు. ఆ వేళ్ల మీద వయొలిన్ కూడా వద్దు. కాయ చిట్లే చప్పుడూ రైలు చప్పుడూ ఉంటే చాలు.

ఇక ఆఖరి ఆరు నిమిషాలు. పదేళ్ల తర్వాత ఇద్దరూ మెట్రోలో ఎదురుపడటం, గుర్తుపట్టి చేతులు పట్టుకోవడం. "లేకపోతే ఏం జరగలేదు కదక్కా అంటారు" అన్నావు. అనేవాళ్లు అంటారు. ఇక్కడ పక్క ఊరు ఓబర్‌హౌసెన్‌లో 1954 నుంచి షార్ట్ ఫిల్మ్ పండగ జరుగుతోంది. ఇన్నేళ్లలో అక్కడ ఒక్కో పూట ఆరేడు సినిమాలు వరసగా చూశాను. కథ ముడిపడిన సినిమాలు హాలు మెట్లు దిగేలోపే మరిచిపోయాను. ఒక దాంట్లో ఒక ముసలాయన బస్టాపులో ఎవరో కుర్రాడికి షూ లేసు కట్టి, తన బస్సెక్కి వెళ్లిపోతాడు. మూడేళ్లయింది, బస్టాపు చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు.

పెద్ద సినిమాలో అయితే రెండోసారి కలపడానికి చోటుంటుంది, జనం కూడా ఎదురుచూస్తారు. ఆస్కార్ వాళ్ల లెక్కలో షార్ట్ ఫిల్మ్ అంటే పేర్లతో కలిపి నలభై నిమిషాల లోపు. నీది పందొమ్మిది. ఆ ఆరూ కోసేసి పదమూడు నిమిషాలకి దించు. మలక్‌పేటలో ఆ పిల్ల దిగుతుంది, రైలు వెళ్లిపోతుంది, చెంగులో ముడి కనిపిస్తుంది. అక్కడ ఆపెయ్. నేను ఇన్నేళ్లుగా హైదరాబాద్ వచ్చిన ప్రతిసారీ ఆ రైల్లో జనం మొహాలు వెతుకుతూనే ఉన్నాను రా. ఆమె నీ సినిమాలో మాత్రం అంత సులువుగా దొరికేస్తే నాకు కష్టంగా ఉంది.

అయ్యాక రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ వాళ్లని అడుగు. భాషా సాంస్కృతిక శాఖ వాళ్లు అక్కడ సినివారం పేరుతో శనివారాలు కొత్తవాళ్ల సినిమాలు వేసేవారు. ఫోన్ తెరలో కాకుండా నలుగురి మధ్య కూర్చుని చూడాలి దీన్ని. వేసే రోజు చెప్తే సెలవు పెట్టుకుని వస్తాను.

ఒక్క మాట. ఆ రాత్రి అమ్మ ఆ గింజలతో కూర చేసింది, మనమందరం తిన్నాం. ఎక్కడివే అంటే స్టేషన్ బయట కొన్నానన్నాను. ఉద్యోగం సంగతి పండగ అయ్యాక గానీ చెప్పలేదు. అమ్మకి సినిమా ఇప్పుడే చూపించకు. ఈ ఆదివారం ఫోన్ చేసి ముందు నేను చెప్తాను.

మీ అక్క