హెడ్ బోల్టుల పంచాయితీ

ఒరేయ్ శీనూ,

ఇన్నాళ్లూ రాయలేదని కోప్పడకురా. అమ్మ మోకాలు నయం, చిన్నదాని పరీక్షలు అయ్యాయి, మిగతాదంతా మామూలే. అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది: తాతయ్య జీపు ఇంజను విప్పించాం!

విల్లీస్ సీజే-3బీ జీపు, హరికేన్ ఇంజను కదా, గాలి-పెట్రోలు లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వులు పైమూత హెడ్డులో, పొగ బయటికి వదిలే ఎగ్జాస్టువి కింది బ్లాకులో. హెడ్డును బ్లాకుకు బిగించే బోల్టులు తీసి చూస్తే కొన్ని మెడ దగ్గర సన్నబడ్డాయి, వేలికి తెలుస్తోంది. అవి మళ్లీ వేసే ప్రసక్తే లేదు. పేచీ అక్కడే వచ్చింది. అవి 7/16 అంగుళం, అంగుళానికి 14 మరలు. ఆటోనగర్‌లో ఏ కొట్టుకెళ్లినా మిల్లీమీటర్ల సరుకే. మేస్త్రి "రంధ్రాలు పెద్దవి చేసి 12 ఎంఎం ట్యాపుతో కొత్త మర కోద్దాం, బాగా గట్టి రకం 12.9 గ్రేడు అలెన్ బోల్టులు పెడితే ఇక తిరుగుండదు" అన్నాడు.

నాకు ప్రాణం ఒప్పలేదు. కోసేసిన పోత ఇనుము తిరిగొస్తుందా? బోల్టు ఎంత గట్టిదైనా బిగించేది 60-70 ఫుట్ పౌండ్ల తిప్పుడు బలానికే, పట్టు కూడా అంతే. అంతకు మించి బిగిస్తే ముందు పోయేది బ్లాకులో మరే! ఇంకొకాయన స్టెయిన్‌లెస్ వెయ్యమన్నాడు, మెరుస్తాయట. మామూలు ఏ2-70 రకం స్టెయిన్‌లెస్, 8.8 గ్రేడు ఉక్కు బోల్టు కంటే మెత్తన, పైగా మర పట్టేసుకుంటుంది.

స్టడ్డులకు, అంటే బ్లాకులో బిగించి వదిలేసే తల లేని మర కడ్డీలకు, మాత్రం మనసు బాగా లాగింది. పైన నట్టు తిరుగుతుంది గానీ బ్లాకు మర అరగదు. కానీ గాలి-పెట్రోలు తెచ్చే గొట్టం, ఇన్‌టేక్ మానిఫోల్డు కూడా ఈ హెడ్డులోనే పోసేశారు, అంత బరువును స్టడ్డుల మీంచి నిటారుగా లేపాలి. ఇక కార్బురేటర్ కింద దాక్కున్న బోల్టు చూడాలిరా! కార్బురేటర్ తీసి లోపలికి తొంగిచూస్తే తప్ప కనబడదు. అది చూసి ఒకటే నవ్వు, మేస్త్రి బిత్తరపోయాడు.

చివరికి అంగుళాల కొలతలోనే, గట్టి రకం గ్రేడ్ 8 బోల్టులే తెచ్చా, తల మీద ఆరు గీతలుంటాయే, అవి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరికాయి. కింద గట్టి వాషర్లు. ఇంజను చల్లబరిచే నీళ్ల జాకెట్‌లోకి దిగేవాటికి సీలెంటు, మిగతావాటికి కాస్త నూనె. బిగించే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది కదా, మర పొడిగా ఉంటే బిగింపు కొలిచే టార్క్ రెంచ్ అంకె చూపిస్తుందే గానీ హెడ్డు సరిగ్గా కూర్చోదు. మధ్య నుంచి బయటికి, విడతలుగా బిగించాలి... ఆ వరస కాగితం మీద గీసి పంపుదామనుకున్నా గానీ—

మేస్త్రి ఫోన్, గ్యాస్కెట్టు వచ్చిందట. పరిగెడుతున్నా. నీ టార్క్ రెంచ్ ఆదివారం తెచ్చెయ్, మర్చిపోకు.

నీ
రాజు