చెట్ల బాట విరాళాలు: ఖర్చు పెట్టే ముందు

అందరికీ నమస్కారం. చెట్ల బాట, అంటే దారి వెంట చెట్ల వరుస కోసం విరాళంగా వచ్చిన డబ్బంతా మొక్కలు కొనడానికే పెట్టేయొద్దు. మొదటి 3 ఏళ్ల నీళ్లకు, చచ్చినవాటి బదులు కొత్తవి నాటడానికి ముందే తీసి పక్కన పెట్టండి. ఈ పద్దు లేకపోతే నాటినవి నిలవవు.

పాత చెట్ల మొదళ్ల చుట్టూ బిగించిన సిమెంటు ముందు తీయించాలి. జేసీబీ వద్దు, గడ్డపారతోనే. నీరు పీల్చే సన్నని వేళ్లు ఎక్కువగా పై 2 అడుగుల మట్టిలోనే ఉంటాయి. కేబుల్ కోసం తవ్విన ఒక్క కందకం చాలు, అవి తెగిపోవడానికి. మొదలు వేళ్లుగా విచ్చుకునే చోటు పైకి కనిపించాలి. దాని మీద మట్టి పోస్తే బెరడు మెత్తబడి కుళ్లుతుంది.

కొత్త మొక్కకు గుంత లోతు వేరుముద్దంత (వేళ్లు, వాటిని అంటుకున్న మట్టి), వెడల్పు దానికి 2-3 రెట్లు. నర్సరీ సంచిలో చుట్టలు తిరిగిన వేళ్లు కోసేయండి, లేదంటే పెరిగాక అవే మొదలును బిగిస్తాయి. వరుసలో ఖాళీలన్నీ ఒకే జాతితో నింపకండి. ఒక్క తెగులుకు వరుసంతా పోతుంది.